మల్కిభరాముడి సమాధి సందర్శన: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన కాలనీవాసులందరికీ నమస్కారం. మన పక్కనున్న ప్రభుత్వ పాఠశాల పిల్లలను గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు తీసుకెళ్లి తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచిన గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి చూపించడానికి, ఆయన మీద చిన్న పుస్తకం అచ్చు వేయించడానికి వసూలైన డబ్బు లెక్క ఇది.

జమ: 64 ఇళ్ల నుంచి ఇంటికి 600 చొప్పున 38,400 రూపాయలు. పేరు వద్దన్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఇచ్చినవి 5,000. కిందటేటి నిల్వ 1,850. మొత్తం 45,250.

ఖర్చు: రెండు బస్సులకు డ్రైవర్ల బత్తాతో కలిపి 17,000. భోజనాలకు 8,640. టికెట్లు, మంచినీళ్లు, మందుల పెట్టెకు 3,900. పుస్తకం 500 ప్రతులకు 12,500. మొత్తం 42,040.

ఈ డబ్బేదో సమాధి మరమ్మతుకే ఇవ్వొచ్చు కదా అని కొందరు అడిగారు. అది మనం చేయి పెట్టదగిన పని కాదు. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి ఆ ఆవరణను బాగు చేయించాయి. మధ్యలో ఎవరో పూసిన సిమెంటును గీకించి, మళ్లీ సున్నపు గారే వేయించాయి. అంత నేర్పు మన చందాలతో రాదు. పిల్లలకు ఆ కథ తెలియడమే మన వంతు.

పుస్తకం విషయంలో కమిటీలో గట్టి చర్చే జరిగింది. అన్న జంషీద్‌కు భయపడి పారిపోయిన ఇబ్రహీం ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కాడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ అంకితమిచ్చింది ఈ సుల్తానుకే. ఆ ఇబ్రహీమే 1565లో మరికొందరు దక్కను సుల్తానులతో కలిసి రామరాయల మీద యుద్ధానికి వెళ్లాడు. యుద్ధం సంగతి పిల్లలకెందుకని ఒకరు, కావ్యం సంగతి ఎక్కువైందని ఇంకొకరు అన్నారు. రెండూ ఉండాలని కమిటీ తీర్మానించింది, రెండూ అచ్చయ్యాయి. ఒకటి దాచి ఇంకొకటి చెబితే పిల్లల్ని మోసం చేసినట్టే. అందుకే అదనంగా పడిన నాలుగు పేజీల ఖర్చు కూడా పై 12,500లోనే ఉంది.

చేతిలో నిల్వ 3,210 రూపాయలు. దీన్ని పుస్తకం రెండో ముద్రణకు ఉంచాలని అనుకుంటున్నాం. రసీదులు, ఓచర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. అభ్యంతరాలుంటే వచ్చే ఆదివారం సమావేశంలోపు రాతపూర్వకంగా ఇవ్వండి.