హిరోషిమా ప్రయాణం జమా ఖర్చులు, నీళ్ల బాటిళ్ల సంగతి

అందరికీ నమస్కారం. ఆగస్టు 6న, 1945లో అణుబాంబు పడిన రోజు కదా, హిరోషిమా వెళ్లొచ్చాక లెక్క చెప్పడం ఆలస్యమైంది, తప్పు నాదే, రసీదులన్నీ ఒక కవర్లో వేసి ఆఫీసు పనిలో పడి మర్చిపోయాను. రైలు టికెట్లు, హోటలు, సాయంత్రం నదిలో వదిలిన లాంతర్లు ఎవరివి వాళ్లే పెట్టుకున్నారు కాబట్టి అవి ఇందులో లేవు. ఉమ్మడి డబ్బుల వరకే రాస్తున్నాను, అన్నీ యెన్లలో.

ఒసాకా, కోబె చుట్టుపక్కల 31 కుటుంబాలు తలా 2,000 వేస్తే 62,000 వచ్చింది. ఇద్దరు స్టూడెంట్లు వద్దంటున్నా వినకుండా చెరో 500 ఇచ్చారు. విజయవాడ నుంచి ఒక మిత్రుడు 5,000 రూపాయలు మా అమ్మ ఖాతాలో వేశాడు, దానికి బదులు నేనిక్కడ 8,400 వేశాను. ఉగాదికి మిగిలింది 6,250. మొత్తం జమ 77,650.

ఇక ఖర్చు. కొంగలు మడిచే కాగితాలు, దారం, పూసలు 4,380, రెండు ఆదివారాలు కూర్చుని మడవడానికి గది అద్దె 3,600. వెయ్యి కొంగలు అనుకున్నాం, లెక్కపెడితే 963 ఉన్నాయి, మిగతావి రైల్లో మడిచాం. వాటిని పిల్లల స్మారకం దగ్గర కట్టాం. బాంబు పడినప్పుడు రెండేళ్ల పిల్ల సడాకో ససాకి, జబ్బు నయం కావాలని కాగితపు కొంగలు మడుస్తూ 1955లో పన్నెండేళ్లకు ల్యుకేమియాతో (రక్త క్యాన్సర్) పోతే, తోటి పిల్లలు ఊరూరా చందాలు అడిగి 1958లో కట్టించిన స్మారకం అది. చందాల పని చేస్తున్నవాణ్ని కదా, నాకు ముందు ఆ చందాలే గుర్తొచ్చాయి.

బాంబు జ్ఞాపకాలున్న శాంతి స్మారక మ్యూజియానికి పెద్దవాళ్లు 26 మంది, తలా 200, హైస్కూలు పిల్లలు ముగ్గురికి వంద చొప్పున, మొత్తం 5,500. చిన్నపిల్లలకు ఉచితం. ఒక మూడు చక్రాల సైకిలు ఉంది అక్కడ, తుప్పు పట్టి వంకర పోయి. బాంబుకు చనిపోయిన మూడేళ్ల కొడుకుతో పాటు దాన్నీ పెరట్లో పాతిపెట్టిన తండ్రి నలభై ఏళ్ల తర్వాత తవ్వి తీసి మ్యూజియానికి ఇచ్చాడట. దాని ముందు నుంచి మనవాళ్లను కదిలించడం నా వల్ల కాలేదు.

భోజనాలు 18,900. ఇందులో నా తెలివితక్కువతనం కూడా ఉంది, ఆగస్టు ఎండలో పెరుగన్నం కట్టించాను, మధ్యాహ్నానికి పులిసిపోయింది. పులిహోర ఉంది కాబట్టి పరువు దక్కింది. భోజనం అందనివాళ్లకు ఒనిగిరీలు (జపాన్ అన్నం ముద్దలు) కొన్నాం, 5,960. పూలు 3,300, నడవలేని పెద్దాయనకు టాక్సీ 2,640.

నీళ్లు 4,900, 48 బాటిళ్లు. ఇంత ఎందుకని గ్రూపులో ఒకాయన అడిగారు, అడగడంలో తప్పేం లేదు, చెప్తాను. బాంబు వేడికి కాలిపోయినవాళ్లు ఆ రోజు అడిగింది ఒక్కటే, నీళ్లు. ఇస్తే చచ్చిపోతారని చెప్పడంతో చాలామంది ఇవ్వలేకపోయారు, ఇవ్వనందుకు తర్వాత ఏళ్లతరబడి కుమిలిపోయారు. అందుకే హిరోషిమాలో ఇప్పటికీ స్మారకాల దగ్గర నీళ్లు పెడతారు, ఆగస్టు 6 సభలోనూ సమర్పిస్తారు. ఎవరివో తెలియని దాదాపు 70 వేల మంది అస్థికలున్న మట్టి దిబ్బ దగ్గర మనం 12 బాటిళ్లు పెట్టాం. తద్దినం నాడు మనం నీళ్లు వదలమా, అలాంటిదే. పెట్టి దండం పెడుతుంటే మనవాళ్ల ఏడేళ్ల పాప వెనక్కి వెళ్లి ఒక్కో బాటిల్ మూత తీస్తోంది. ఎందుకమ్మా అంటే, మూత ఉంటే ఎలా తాగుతారు అంకుల్ అంది. కాసేపయ్యాక బాటిళ్లన్నీ మళ్లీ సంచిలో వేసుకుని వచ్చేశాం, అక్కడ చెత్త వదలలేదు. మిగిలిన 36 మనమే తాగాం.

ఆఖరిది, బాంబుకు శిథిలమై ఇంకా నిలబడి ఉన్న గుమ్మటం భవనం, అణుబాంబు డోమ్, దాని సంరక్షణ నిధికి 20,000. ఆ శిథిలాన్ని కూల్చేద్దామని కొందరన్నా 1966లో నగర మండలి ఉంచాలని తీర్మానించింది, 1967 మరమ్మతు జనం చందాలతోనే జరిగింది.

ఖర్చు మొత్తం 69,180. నిల్వ 8,470 నా దగ్గరే ఉంది. రసీదులన్నీ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను, పూల రసీదు ఒక్కటి పోయింది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి, ఆ 3,300 నేనే కట్టేస్తాను.