ఆ పంక్తి నువ్వెందుకు పాడలేదు?

మూలాపేట, నెల్లూరు
కార్తీక మాసం

చిరంజీవి సౌజన్యకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. సోమశిల నుండి నీళ్ళు వదిలినందువల్ల పెన్న ఈ వారం నిండుగా పారుతున్నది. మీ నాయన సాయంత్రం పూట రంగనాయకుల గుడి దాకా నడిచి వెళ్ళి నీళ్ళు చూసి వస్తున్నారు, మోకాలి నొప్పి గురించి మాత్రం నన్ను అడగనివ్వడం లేదు. జేజి నువ్వు పంపిన శాలువా కప్పుకోకుండా బీరువాలో దాచింది. చిన్నోడికి ఒంగోలు బదిలీ ఖాయమైంది. నీ దగ్గర నుండి కబురు లేకపోవడం ఒక్కటే లోటు. ఫోను చేస్తే ఎత్తవు, కాసేపటికి పనిలో ఉన్నానని రెండు మాటలు టైపు చేసి పంపుతావు. మాట్లాడవలసిన చోట టైపు చేయడం నీకు ఎన్నడూ లేని అలవాటు.

అది అలా ఉండనీ. నీ పాట గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. చిట్టత్త కొడుకు మీ బృందం హైదరాబాదులో పాడిన వీడియో పంపాడు. 'మనసున మల్లెల' పాటను మీరు ఆ రీతిలో తీసుకుంటారని నేను ఊహించలేదు. పల్లవికి తబలా లేకుండా గిటారు తీగలు ఒక్కొక్కటిగా మీటించి, నీ గొంతును దాదాపు ఒంటరిగా వదిలిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. పాత పాటను పాడేవారు చాలామంది మొదటి అక్షరం నుండే వాయిద్యాలన్నీ గుప్పిస్తారు. మీరు ఆ పని చేయలేదు. మీ నాయన రెండు సార్లు విని, గిటారు అబ్బాయికి చెవి ఉందని అన్నారు. ఆయన నోట ఆ మాట ఎంత అరుదుగా వస్తుందో నీకు తెలుసు.

నాకు నచ్చనిది చరణంలో డ్రమ్ములు. కృష్ణశాస్త్రి గారు సినిమాకు మొదటిసారి వ్రాసిన పాటలలో ఇది ఒకటి. కొమ్మ మీది గువ్వ, ఆకుల్లో గాలి, కొలనులో అల, దూరాన వేణువు, ఇలా ఏ చిన్న చప్పుడు వినిపించినా అతడే వచ్చాడని ఉలికిపడే మనిషి పాట అది. అంత సన్నని చప్పుళ్ళను చెప్పే చోట డ్రమ్ము కొడితే ఆ గువ్వ వినిపించదు, ఆ అల వినిపించదు. బాణీ కట్టిన రాజేశ్వరరావు గారు అక్కడ మాటకూ మాటకూ మధ్య వదిలిన ఖాళీని మీరు నింపకండి. 1951లో ఈ పాట ఉన్న 'మల్లీశ్వరి' సినిమా వచ్చేనాటికి తెర వెనుక ఒకరు పాడితే తెర మీద మరొకరు పెదవులు కదిపే పద్ధతి బాగా స్థిరపడింది. భానుమతి గారు మాత్రం తన పాత్రకు తానే పాడుకున్నారు. ఊపిరి ఎక్కడ ఆగాలో నటికీ గాయనికీ ఒకేసారి తెలిసింది కాబట్టే ఆ పాటలో తొందర లేదు. మన ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన ఆమె తరువాతి రోజులలో మద్రాసు సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఆమెను అనుకరించవద్దు. నీ గొంతు వేరు, ఆమె గొంతు వేరు. ఆ తొందర లేనితనాన్ని మాత్రం తీసుకో.

ఇంతకీ, చరణం తరువాత, గడియసేపైనా నన్ను విడిచి పోవద్దని ఆమె వేడుకునే చోట నువ్వు మైకు నుండి ఒక అడుగు వెనక్కు జరిగావు. ఆ పంక్తిని గిటారు వాయించింది. జనం చప్పట్లు కొట్టారు, అదేదో కొత్తదనమని అనుకొని ఉంటారు. శ్రుతి, అంటే పాట ఎంత ఎత్తున ఎత్తుకున్నావో, అది కూడా చూశాను. నీది ఐదున్నర. ఆ రోజు పాట నాలుగున్నరలో ఉన్నది. పాట అందానికి దించారని చెప్పవద్దు, ఆ పాట నువ్వు ఐదున్నరలో పాడగా ఈ ఇంటి గోడలన్నీ విన్నాయి.

మేము తిరిగిన రోజుల సంగతులు నీకు చిన్నప్పటి నుండి చెబుతూనే ఉన్నాను, అయినా ఒకటి చెప్పలేదని ఇప్పుడు గుర్తుకు వచ్చింది. శ్రీరామనవమి పందిళ్ళు మొదలుకొని దసరా, వినాయక చవితి దాకా, కావలి, కందుకూరు, చీరాల, పొదిలి అనే తేడా లేకుండా మా పాటకచేరి పార్టీ తిరిగేది. అద్దాలు సరిగా మూతపడని మెటాడోర్ వ్యానులో ముందు సీటు అకార్డియన్‌కు, వెనుక సీట్లు మాకు. రోడ్డు మీది దుమ్మంతా గొంతులోకే పోయేది. రాత్రి ఒంటిగంటకు కచేరి ముగిస్తే ఏ బడి వరండాలోనో నిద్ర, విస్తరాకు పొట్లంలో పెరుగన్నం, తెల్లవారితే మళ్ళీ ప్రయాణం. తిప్పరాజువారి వీధి మీదుగా వెళ్ళినప్పుడల్లా, వేద పాఠశాల కోసం గాయకుడు బాలు గారు 2020లో కంచి పీఠానికి ఇచ్చిన ఆ ఇంటిని చూసి, ఆయన కూడా ఇళయరాజా, గంగై అమరన్‌లతో కలిసి ఊరూరా కచేరీలు చేసినవారే కదా అని అనుకుంటాను. తిరగడం తప్పు కాదు. తిరుగుతూ గొంతును ఎలా చూసుకున్నామన్నదే ప్రశ్న.

నేను చెప్పదలచినది 1985 శివరాత్రి సంగతి. ముందు రోజు చీరాలలో అర్ధరాత్రి దాకా పాడి, నిద్ర లేకుండా కందుకూరు మీదుగా కనిగిరి వైపు ఒక పల్లెకు చేరాము. పొద్దుటి నుండే నా గొంతు బొంగురుపోయి ఉంది. మా పార్టీని నడిపే మాస్టారు నా చేతికి వేడినీళ్ళ చెంబు ఇచ్చి, సాయంత్రం దాకా నోరు విప్పవద్దని, గుసగుసగా కూడా మాట్లాడవద్దని ఆజ్ఞాపించారు. చీకటి పడేసరికి ఎడ్లబండ్లలో, ట్రాక్టర్లలో చుట్టుపక్కల జనమంతా వచ్చారు. గుడి ముందు రంగురంగుల బల్బుల ప్రభ నిలబెట్టారు, జనరేటరు మోత ఒకవైపు, మా మైకు సెట్టు మరొకవైపు. శివరాత్రి జాగరణ కాబట్టి తెల్లవారే దాకా ఎవరూ లేవరు. నావి తేలికపాటి పాటలు రెండు మాస్టారు ఒప్పుకొని పాడించారు, మిగిలినవన్నీ మగ గొంతులకే అప్పగించారు. ఇంతలో కోరిన పాటల చీటీలు రావడం మొదలైంది. భానుమతి గారు తమ జిల్లా ఆడబిడ్డ అన్న అభిమానం అక్కడివారికి మెండు, అందువల్ల మూడు చీటీలు వస్తే అందులో ఒకటి 'మనసున మల్లెల' కోసమే. ఊరి పెద్ద ఒకాయన నూట పదహార్లు చదివింపు పంపి మరీ ఆ పాట అడిగారు.

నేను లేచి మైకు దగ్గరకు వెళ్ళాను. మాస్టారు మైకును అరచేతితో మూసి, కూర్చోమన్నారు. పాడగలనని నేను సైగ చేస్తే, పాడగలవు, రేపటి నుండి ఏమి చేస్తావు అని అడిగారు. కమిటీవారిలో ఒకరు వేదిక మీదికే వచ్చి, ఆడ గొంతు ఉందని చెప్పబట్టే అడ్వాన్సు ఇచ్చామని గట్టిగా అరిచారు. మాస్టారు ఆయనతో వాదించలేదు. చదివింపు డబ్బు తిరిగి పంపించి, మా అమ్మాయి గొంతు ఈ పూట బాగాలేదు, ఈ పాటను క్లారినెట్టు మీద వినిపిస్తాము అని మైకులో చెప్పి, మీ నాయన వైపు చూశారు. వెనుక వరుసల కుర్రవాళ్ళు ఈలలు వేశారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు వెనక్కు తిరిగి వాళ్ళను కసిరారు. మీ నాయన పల్లవి రెండు సార్లు వాయించి, చరణంలో పూర్తిగా నెమ్మదించి, ఆ వేడుకోలు పంక్తి దగ్గర ఒక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ నిలిపారు. నేను పక్కనే నోరు మూసుకొని కూర్చున్నాను. నా పాటను నేను పాడలేక మరొకరి ఊపిరిలో వినడం ఎంత కష్టమో ఆ రాత్రి నాకు తెలిసింది.

మాట్లాడుకున్న డబ్బులో కమిటీవారు కోత పెట్టారు. గొంతు తేరుకునే దాకా మాస్టారు నన్ను వేదిక ఎక్కించలేదు. గూడూరు నుండి మరొక అమ్మాయిని తెచ్చి నా వంతు పాటలన్నీ ఆమెకు ఇస్తే నాకు అన్నం సయించలేదు. అయినా తిరిగి పాడిన నాడు ఐదున్నరలోనే పాడాను. ఆ తరువాత నువ్వు పుట్టే దాకా ప్రతి తిరునాళ్ళలోనూ పాడాను. పద్మత్త సంగతి నీకు తెలుసు, అది మళ్ళీ వ్రాయడం నాకు ఇష్టం లేదు.

ఆ రాత్రి క్లారినెట్టు ఎక్కడ అందుకున్నదో, నీ వీడియోలో గిటారు సరిగ్గా అక్కడే అందుకున్నది. మీ నాయన కూడా చూశారు. చూసి ఏమీ అనకుండా లేచి పెరట్లోకి వెళ్ళారు.

చిట్టత్త కొడుకు మరొక మాట కూడా అన్నాడు. మొన్న బెంగుళూరులో పెళ్ళిలో నువ్వు కనిపించావట, అందరితో చేతి సైగలతోనూ గుసగుసలతోనూ నెట్టుకొచ్చావట, పక్కనే వేడినీళ్ళ ఫ్లాస్కు ఉందట. అతడు దీన్ని మరొకరికి చెప్పకుండా నేను గట్టిగా మాట తీసుకున్నాను. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అని చాలామంది అనుకుంటారు. స్వరతంత్రులకు మామూలు మాట కన్నా అదే ఎక్కువ శ్రమ కావచ్చు. మాట్లాడక తప్పకపోతే మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడు, లేదా పూర్తిగా మౌనంగా ఉండు. బొంగురు మూడు వారాలు దాటితే ఇంటి వైద్యంతో కాలక్షేపం చేయకూడదు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు కెమెరా గొట్టంతో స్వరతంత్రులను చూసి ఉన్నదేమిటో చెబుతారు. కాయల వంటివి మొదలయ్యాయని చెప్పినా బెదరవద్దు. తొలి దశలో ఉంటే విశ్రాంతితో, గొంతు వ్యాయామాలతో చాలామందికి శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతాయి. తెలియకుండా దాని మీదే పాడుతూ పోతే ముదురుతాయి. పాటకు ముందు నొప్పి మాత్రలు వేసుకుంటున్నావేమోనని కూడా నా భయం. ఆస్పిరిన్ వంటివి రక్తాన్ని పలచన చేస్తాయి, ఆ సమయంలో గట్టిగా పాడితే స్వరతంత్రుల లోపల రక్తస్రావం కావచ్చు. కచేరి ముగిశాక అర్ధరాత్రి బిర్యానీ తిని వెంటనే పడుకోవడం మానుకో. కడుపులోని పులుపు పైకి ఎగదన్ని, నిద్రలో గొంతును కాలుస్తుంది. ఏసీ బస్సులో కిటికీ వైపు గాలి మెడ మీద పడకుండా చూసుకో. కాఫీ తగ్గించు, నీళ్ళు చల్లనివి వద్దు, దాహం వేసే దాకా ఆగవద్దు. వేదిక మీద నీ గొంతు నీకు వినిపించేలా స్పీకరు పెట్టించుకో, వినిపించకపోతే తెలియకుండానే అరుస్తావు.

ఇవన్నీ నీకు తెలియనివి కావని నాకు తెలుసు. తెలిసినవారే చేయరు కాబట్టి వ్రాస్తున్నాను.

డిసెంబరు కచేరీలకు అడ్వాన్సు తీసుకున్నారని చిన్నోడు చెప్పాడు. నువ్వు పాడకుండా మీ బృందం నడవదని నీకు అనిపిస్తూ ఉంటుంది. నాకూ అలాగే అనిపించేది, గూడూరు అమ్మాయి వచ్చిన మరునాడే పార్టీ చక్కగా నడిచింది. అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసి వస్తే మొహమాటపడకుండా నాకు చెప్పు. మొలగొలుకుల వడ్లు అమ్మిన డబ్బు బ్యాంకులో అలాగే ఉన్నది, మీ నాయన దాని జోలికి పోవద్దన్నారు కానీ నీ కోసమంటే ఆయనే ముందు వెళ్ళి తెచ్చి ఇస్తారు. నెల్లూరు వచ్చి కొన్నాళ్ళు ఉంటానంటే మేడ మీది గది శుభ్రం చేయించి ఉంచాను. నిన్ను మాట్లాడించవద్దని జేజికి ముందే చెబుతాను, ఆమె వినదు, అయినా చెబుతాను.

చిన్నోడి స్నేహితుడి చేతికి ఒక సంచీ ఇచ్చి పంపుతున్నాను. అందులో మిరియాల పొడి, శొంఠి, పటికబెల్లం, రెండు నూలు చీరలు, నీ పాత ఉన్ని మఫ్లరు ఉన్నాయి. ఆవకాయ అడిగావు కానీ పంపడం లేదు. గొంతు కుదుటపడిన తరువాత జాడీ మొత్తం నీకే.

ఇది చదివి నాకు ఫోను చేయవద్దు. చేస్తే మాట్లాడవలసి వస్తుంది, మాట్లాడితే నేను నీ గొంతు వింటూ కూర్చుంటాను కానీ నీ మాట వినను. డాక్టరు దగ్గరకు ఏ రోజు వెళ్తున్నావో టైపు చేసి పంపు, వెళ్ళి వచ్చాక ఆయన వ్రాసి ఇచ్చిన కాగితం ఫోటో తీసి పంపు. డాక్టర్ల చేతివ్రాత మీ నాయనకు బాగా అర్థమవుతుంది. సోమవారం లోపల జవాబు రాకపోతే మంగళవారం ఉదయం బస్సుకు మేమిద్దరం బయలుదేరుతాము.

ఆశీస్సులతో,
అమ్మ