వెళ్తామో లేదో ముందే చెప్పండి మంత్రిగారూ

కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పిల్లలకు పరుగు నేర్పే కోచ్‌ని. దక్షిణాసియా క్రీడల గురించి రాస్తున్నాను. 2019 డిసెంబర్‌లో నేపాల్‌లో 13వ ఆటలు ముగిశాయి. 14వ ఆటలు పాకిస్తాన్ వంతు. 2021 అన్నారు, 2023 అన్నారు, 2024 అన్నారు. చివరికి 2026 జనవరి 23 నుంచి 31 దాకా లాహోర్, ఇస్లామాబాద్, ఫైసలాబాద్‌లలో అన్నారు. అదీ వాయిదా పడింది.

తప్పంతా పొరుగింటి మీద వేసి ఊరుకోవడానికి లేదు. 2001లో ఇస్లామాబాద్‌లో జరగాల్సిన ఆటలు అఫ్గాన్ యుద్ధంతో ఆగి 2004లో జరిగాయి. 2012కని ఢిల్లీకి ఇచ్చిన ఆటలను మనం 2016 ఫిబ్రవరిలో గువాహటి, షిల్లాంగ్‌లలో పెట్టాం. మధ్యలో మన ఒలింపిక్ సంఘమే పద్నాలుగు నెలలు సస్పెన్షన్‌లో ఉంది. 2015 భూకంపానికి దశరథ స్టేడియం దెబ్బతిన్న నేపాల్ మాత్రం ఆలస్యమైనా మాట నిలుపుకుంది.

వాయిదా అంటే క్యాలెండర్‌లో కాగితం తిప్పడమే అనుకునేవాళ్లకు మా పని కాస్త చెప్పాలి. పరుగుపందేల అమ్మాయికి ఏడాదికి ఒకటి రెండుసార్లే అసలైన ఫామ్ వస్తుంది. దానికోసం నెలల ముందు నుంచీ బరువులు, కొండ పరుగులు, ఆ తర్వాత వేగం పని. చివరి వారాల్లో భారం తగ్గించి ఒంటికి విశ్రాంతినిస్తాం. ఇదంతా పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వేసే ప్లాను. తేదీ మారితే ఆ లెక్క మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. రెండోసారి మారితే గాయం. మూడోసారికి ఇంట్లో పెళ్లి మాట. నేను అతిశయోక్తి చెప్పడం లేదు, నా ట్రాక్ మీద చూసిందే చెబుతున్నాను.

'మనకు ఆసియా క్రీడలున్నాయిగా, ఈ చిన్న పోటీ ఎందుకు' అని మీ శాఖలోనే కొందరు అనుకోవచ్చు. 2019లో మనకు 312 పతకాలు, అందులో 174 స్వర్ణాలు వచ్చాయి కనుక ఏకపక్షం అనిపించడం సహజమే. కానీ మొదటిసారి దేశం జెర్సీ వేసుకునే కుర్రవాడికి ఇదే గుమ్మం. 2016లో గువాహటి, షిల్లాంగ్ ఆటల బ్యాడ్మింటన్ ఫైనల్లో మన ఖమ్మం అమ్మాయి గద్దె రుత్విక శివాని పి.వి. సింధును ఓడించింది. ఆరు నెలలకు అదే సింధు రియోలో వెండి పతకం తెచ్చింది. 2019లో పురుషుల సింగిల్స్ స్వర్ణం సిరిల్ వర్మది, మహిళల సింగిల్స్ రజతం గాయత్రీ గోపీచంద్‌ది. మాల్దీవులకు ఈ ఆటల్లో తొలి స్వర్ణం వచ్చింది కూడా అప్పుడే, 100 మీటర్ల పరుగులో.

పహల్గాం ఉగ్రదాడి తర్వాత పాకిస్తాన్ వెళ్లమని మిమ్మల్ని అడిగే ధైర్యం నాకు లేదు, ఉద్దేశమూ లేదు. అది ప్రభుత్వం తేల్చాల్సిన విషయం. 2025 ఆగస్టులో మీరు విధానం ప్రకటించారు: పాకిస్తాన్‌తో ద్వైపాక్షిక పోటీలు ఉండవు, బహుళ దేశాల పోటీల్లో పాల్గొనడం మాత్రం ఆగదు అని. మరి బహుళ దేశాల పోటీ పాకిస్తాన్ గడ్డ మీదే జరిగితే? నేను చదివినంతలో సూటి జవాబు కనిపించలేదు. ఆ జవాబు మాకు కావాలి. ట్రయల్స్ అయ్యాక, క్యాంపు మొదలయ్యాక కాదు. తేదీ ప్రకటించిన నెలలోపే, రాతపూర్వకంగా.

క్రికెట్‌కు దారి దొరికింది కదా. 2025లో ఛాంపియన్స్ ట్రోఫీ ఆతిథ్యం పాకిస్తాన్‌దైనా మన మ్యాచ్‌లు దుబాయిలో జరిగాయి. అదే ఏడాది ఆసియా కప్ ఆతిథ్యం మనదే, పోటీలు మాత్రం యూఏఈలో. అక్కడ టీవీ డబ్బుంది, ఖోఖోకు లేదు, నిజమే. కానీ 2025 మేలో రాంచీలో జరగాల్సిన దక్షిణాసియా అథ్లెటిక్స్ వాయిదా పడినా అక్టోబర్‌లో జరిగింది. అంటే డబ్బు లేని ఆటకు కూడా పట్టుదల ఉంటే చోటు దొరుకుతుంది.

దక్షిణాసియా ఒలింపిక్ మండలిలో మన మాటకు బరువుంది. ఆతిథ్య దేశం ఫలానా గడువులోగా వేదికలు, తేదీలు ఖాయం చేయలేకపోతే ఆటలు ముందే ఎంచుకున్న రెండో దేశానికి వెళ్లాలని నియమం పెట్టించండి. ఆ రెండో దేశంగా మొదటిసారి శ్రీలంకనో బంగ్లాదేశ్‌నో అడగండి. మనమే ఎగబడితే వేరే అనుమానాలు వస్తాయి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు తెచ్చుకున్నాం, 2036 ఒలింపిక్స్ అడుగుతున్నాం. మన ప్రాంతపు ఆటలకు ఓ తేదీ నిలబెట్టడం అంతకంటే కష్టమా?

మా పిల్లల్లో 2019లో పదిహేడేళ్లున్న ఒకమ్మాయి ఇప్పుడు ప్రైవేటు బడిలో పీఈటీ. ఈ మధ్య ట్రాక్‌కు వచ్చినప్పుడు కూడా అడిగింది, ఈసారైనా ఉంటాయా సార్ అని. ఆమెకు వయసు దాటిపోయింది. ఆ ప్రశ్న ఆమె చెల్లెలి కోసం. ఆ పిల్ల 400 మీటర్లు పరిగెత్తుతుంది. వచ్చే సీజన్ ప్లాను నేను ఈ నెలలోనే వేయాలి.

ఇట్లు
ఒక అథ్లెటిక్స్ కోచ్