కోటలోని నల్లరాతి తొట్టి

చెన్నై,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

పాప బాప్తిస్మం బందరులో మన సంఘంలోనే అని నువ్వూ అల్లుడుగారూ తేల్చేశారట, మీ అమ్మ చెప్పింది. మంచిదే. ఇక్కడ మద్రాసు సెయింట్ జార్జి కోట గుడిలో చేయిద్దామన్న నా మాట వీగిపోయింది, దాన్ని మళ్ళీ లేవనెత్తను. కానీ "ఆ తెల్లదొరల గుడి మనకెందుకు నాన్నా" అన్నావు చూడు, దానికి జవాబు రాయకుండా ఉండలేను. దొరలు దిగిందే ముందు బందరులో, 1611లో. మద్రాసు ఆ తర్వాతి సంగతి. అయినా నేను అడిగింది దొరల కోసం కాదు, ఆ గుడిలో ఉన్న బాప్తిస్మపు రాతి తొట్టి కోసం. పిల్లకాయలకు రాళ్ళు చూపించి జీతం తీసుకున్నవాణ్ణి, నా కళ్ళు ఇంకెక్కడికి పోతాయి?

ఆ కోట గుడి, సెయింట్ మేరీస్ చర్చి, ఇప్పుడు సెక్రటేరియట్ ఆవరణలో ఉంది. గేటు దగ్గర పోలీసులకు కార్డు చూపించనిదే లోపలికి పోనివ్వరు. వెళ్ళాక ఎవరో ఒకరు పక్కన చేరి, సూయెజ్‌కు తూర్పున ఇంతకన్నా పాత ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘం) చర్చి లేదంటారు. తర్వాత మద్రాసు గవర్నరైన ఎలిహూ యేల్ పెళ్ళి ఇక్కడే, రాబర్ట్ క్లైవు పెళ్ళి ఇక్కడే అంటారు. ఆ పెళ్ళిళ్ళ గొడవ నాకు పట్టదు కానీ కట్టడం చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది.

ఈస్టిండియా కంపెనీవాళ్ళు అక్కడి పాలకులైన దామెర్ల నాయకుల దగ్గర ఆ సముద్రపు ఒడ్డు రాయించుకున్నది 1639లో. బేరం కుదిర్చిన ఫ్రాన్సిస్ డే అంతకుముందు మన నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో కంపెనీ వ్యాపారం చూసేవాడు. పట్నం పుట్టి నలభై ఏళ్ళు కావస్తున్నా వాళ్ళకు గుడి లేదు, కోటలో ఒక గదిలోనే ప్రార్థనలు. స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ గవర్నరుగా వచ్చాక చందాలు మొదలుపెట్టాడు. కంపెనీ ముందు చెయ్యి చాపకుండా ఉద్యోగులే తలా కొంత వేసుకుని ఎనిమిది వందల పైచిలుకు వరహాలు పోగుచేశారు. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండగ రోజున, 1678 మార్చి 25న, పని మొదలైంది. పేరు అందుకే అలా వచ్చింది. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ చేశారు.

కట్టినవాడు కోట ఫిరంగుల అధికారి అంటారు. చూస్తే నమ్మబుద్ధేస్తుంది. బయటి గోడల మందం నాలుగు అడుగులు. కప్పు రెండడుగుల మందాన ఇటుకా సున్నంతో వంపు తిప్పారు, దూలమన్నది లేదు. నిప్పుకీ చెదలుకీ తుఫానుకీ ఫిరంగి గుండుకీ అన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పినట్టు, మందుగుండు దాచే కొట్టులా ఉంటుంది. 1758 చివర్లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను చుట్టుముట్టి రెండు నెలలు గుండ్లు కురిపించినప్పుడు ఆ జాగ్రత్త అక్కరకొచ్చింది. పాత శ్మశానం కోట గోడ బయట ఉండేది. అక్కడి ఎత్తయిన సమాధుల చాటున ఫ్రెంచివాళ్ళు మాటు వేశారని, యుద్ధం అయ్యాక వాటిని పడగొట్టి, పలకల్ని తెచ్చి గుడి చుట్టూ నేలమీద పరిచారు. లాటిను, పోర్చుగీసు, ఆర్మేనియన్ అక్షరాల మీద నడుచుకుంటూ గుళ్ళోకి పోవాలి. 1652లో పోయిన ఎలిజబెత్ బేకర్ అనే ఆవిడ పలక కూడా అందులో ఉంది.

ఇక తొట్టి. గుడి తొలినాళ్ళనాటిదే అంటారు. పల్లావరం కొండరాయి. ఇప్పుడు నువ్వు విమానం దిగుతావే, ఆ పక్కనే ఆ కొండ. భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్‌కు 1863లో ఆదిమానవుడి రాతి పనిముట్టు దొరికిందీ పల్లావరంలోనే, అది వేరే కథ. నల్ల గ్రానైటు అని అందరూ అంటారు. దగ్గరికి పోయి చూస్తే మరీ నలుపు కాదు, నూనె రాసినట్టు మెరిసే ముదురు బూడిదరంగు. పగలగొట్టిన ముక్కలో నీలిఛాయ స్ఫటికాలు కనిపిస్తాయి. మా భూగర్భ శాస్త్రంలో దాని పేరు చార్నోకైట్. నీ చిన్నప్పుడు కొండపల్లి ఖిల్లా ఎక్కుతూ కాళ్ళు నొప్పులని ఏడిచావు, గుర్తుందో లేదో. అక్కడ నువ్వు కూలబడ్డదీ ఈ జాతి రాయి మీదే.

ఆ పేరు ఎలా వచ్చిందో వింటే నీకు నవ్వొస్తుంది. జాబ్ చార్నాక్ అని కంపెనీ మనిషి, 1690లో కలకత్తాకు పునాది వేశాడని జనం చెప్పుకునేవారు. అతను 1693లో చనిపోతే అల్లుడు చార్లెస్ ఐర్ సమాధి కట్టించి, పైన పరిచే పలక మద్రాసు వైపు నుంచి తెప్పించాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత జియలాజికల్ సర్వేలో పనిచేసే థామస్ హాలండ్ ఆ సమాధి రాయిని పరిశీలించి, పల్లావరం రాయే అని తేల్చి, ఆ జాతి మొత్తానికి చార్నాక్ పేరు పెట్టాడు. 1893లో దాని మీద వ్యాసం రాశాడు. కొండ తమిళనాడులో, తవ్వినవాళ్ళూ చెక్కినవాళ్ళూ అక్కడి రాతిపనివాళ్ళు, పేరేమో ఆ రాయి కింద పడుకున్నాయనది! క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు కూడా తలెత్తేవి.

రాయికి ఆ పేరు రావడానికి రెండు వందల ఏళ్ళ ముందే చార్నాక్‌కీ ఈ తొట్టికీ ముడి పడింది. బెంగాల్లో మొగలులతో గొడవపడి, చిట్టగాంగ్ దాడి బెడిసికొట్టి, 1689లో కంపెనీవాళ్ళంతా మద్రాసు చేరారు. చార్నాక్ కూడా కుటుంబంతో వచ్చాడు. ఆ ఆగస్టులో అతని ముగ్గురు కూతుళ్ళు మేరీ, ఎలిజబెత్, క్యాథరిన్ సెయింట్ మేరీస్‌లో బాప్తిస్మం పొందారు. అప్పటికి వాళ్ళు మరీ చంటిపిల్లలై ఉండరు, ఎందుకంటే మేరీ కొద్ది ఏళ్ళకే ఐర్‌ని పెళ్ళాడింది. ముగ్గురినీ ఒకేసారి తొట్టి దగ్గర నిలబెట్టిన తండ్రి మొహం ఎలా ఉండి ఉంటుందా అనుకుంటాను.

మరి తల్లి? ఆవిడ మన దేశపు మనిషి. సతిలో కాలబోతుంటే చార్నాక్ లాక్కొచ్చి పెళ్ళాడాడని అలెగ్జాండర్ హామిల్టన్ అనే ఓడ కెప్టెన్ రాశాడు. ఆవిడ పోయాక ఏటా ఆ రోజున సమాధి దగ్గర కోడిని బలిచ్చేవాడనీ రాశాడు. చితిలోంచి ఆడమనిషిని కాపాడిన కథలంటే తెల్లవాళ్ళకు మహా ఇష్టం, కాబట్టి నేను సగమే నమ్ముతాను. కోడి సంగతి మాత్రం కల్పించి రాసేదిలా అనిపించదు. కూతుళ్ళ పేర్లు మిగిలాయి, అల్లుడి పేరు మిగిలింది, చార్నాక్ పేరు మద్రాసు నుంచి మన కొండపల్లి దాకా రాళ్ళకు అంటుకుంది. కన్నతల్లి పేరు మాత్రం లేదు. మరియా అని తర్వాతివాళ్ళు ఎవరో తగిలించారు, అంతే.

నువ్వు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. యేల్ గవర్నరుగా ఉన్న ఆ రోజుల్లోనే మద్రాసు రేవు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించి అమ్మారు. ఆదివారం అదే గుడిలో మోకాళ్ళూనారు. తొట్టి ఆ పాపాన్ని కడిగిందని నేననను. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ గుడీ బందరులో మన గుడీ ఒకే సంఘం కిందికొచ్చాయి, నీ కూతుర్ని అక్కడికి ఎత్తుకుపోవడానికి మనం ఎవరి దయా అడగనక్కర్లేదు, అంతవరకే నా వాదన.

ఇంకొకటి, రాయి గురించి. ఈ రాయి భూమి లోపల పాతిక ముప్పై కిలోమీటర్ల లోతున, విపరీతమైన వేడిలో, నీటి జాడ దాదాపు లేనిచోట తయారవుతుంది. ఆ లోతున, ఆ వేడిలో తడి తగిలితే దానిలోని ఖనిజాలు ఆ రూపంలో నిలవవు. పల్లావరం రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అన్ని రాళ్ళుండగా నీళ్ళు పట్టే తొట్టికి ఇది దొరికింది. ఇందులో దేవుడి హాస్యం ఉందని మీ అమ్మతో అంటే, "మీకు ప్రతిదాంట్లో రాయే" అంది.

సరే, బందరు సంగతికొస్తాను. కిందటిసారి వెళ్ళినప్పుడు పాత రిజిస్టరు తీయించి చూశాను. మా నాయనమ్మ బాప్తిస్మం ఉంది. పేరు, తండ్రి పేరు, ఊరు, పాదిరిగారి సంతకం, అన్నీ చక్కటి చేతిరాత. తల్లి గడి ఖాళీ. ఆ ముసలావిడ పేరు నాకూ తెలియదు, చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

అందుకని, సర్టిఫికెట్టు రాసేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు. ఇంటిపేరుతో సహా నీ పూర్తి పేరు రాయించు, పుట్టింటి ఇంటిపేరా అత్తింటిదా అన్నది నీ ఇష్టం. అయ్యగారికి ఇప్పుడే ఫోన్ చేసి, సాక్షులుగా నిలబడేవాళ్ళ పేర్లూ పాప పేరూ తెలుగులో, ఇంగ్లీషులో రాసి పంపు. ఆఖరి నిమిషంలో చెవిలో చెబితే తప్పు పడుతుంది. నీళ్ళు కాస్త గోరువెచ్చగా పెట్టించమని చెప్పు, జనవరిలో బందరు పొద్దున చలిగానే ఉంటుంది. మేం శుక్రవారం రాత్రి బండికే వస్తాం. మీ అమ్మ అప్పుడే తెల్ల గౌనుకు లేసు కుడుతోంది, సైజు సరిపోతుందో లేదో పాప ఛాతీ కొలత పంపమంటోంది.

నాన్న