అమ్మ గోత్రంతో రాజు పేరు

మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మనవరాలి నామకరణం వైభవంగా జరిగిందని చదివి ఎంత సంతోషించానో! సంకల్పంలో తల్లి పుట్టింటి గోత్రం ఎందుకు చెప్పరని నీ కోడలు అడిగిందట. మంచి ప్రశ్న. చెప్పిన కాలం మన నేల మీదే ఒకటుందని ఆ అమ్మాయికి తప్పకుండా చెప్పు.

గౌతమీపుత్ర శాతకర్ణి పేరు బడిలో వల్లె వేశాం కదా. అతని తల్లి పేరు బాలశ్రీ. గౌతమ గోత్రపు ఆడపడుచు కనుక గౌతమి. అతని కొడుకు పులుమావి వాసిష్ఠీపుత్రుడు, అంటే వసిష్ఠ గోత్రపు తల్లి కన్న కొడుకు. చూశావా, ఆ రాణులు మెట్టినింటికి వచ్చినా పుట్టింటి గోత్రం చెరిగిపోలేదు. కొడుకులు దాన్నే పేరు ముందు పెట్టుకుని రాజ్యమేలారు.

పులుమావి ఏలుబడి 19వ ఏట నాసిక్ గుహలో బాలశ్రీ వేయించిన ప్రాకృత శాసనం ఉంది. అందులో కొడుకు గెలుపులన్నీ వరుసగా చెబుతూ, తల్లికి ఎడతెగని సేవ చేసినవాడని కూడా చెక్కించింది. ఆ ఒక్క మాట దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.

నాకు మరీ ఇష్టమైనవి శాతవాహనుల వెండి నాణేలు. ఒకవైపు రాజు ముఖం, చుట్టూ ప్రాకృతంలో ‘వాసిఠిపుతస’. రెండోవైపు అదే సంగతి ద్రావిడ భాషలో. అక్కడ ‘పుత్ర’ పోయి ‘మకన్’ వచ్చింది. భాష మారినా తల్లి మాత్రం నాణెం మీదే ఉంది!

నాగార్జునకొండలోనూ ఇదే పద్ధతి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు మాఠరీపుత్రుడు, అతని తండ్రి చాంతమూలుడు వాసిష్ఠీపుత్రుడు. అన్నట్టు, వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్ళనే చేసుకున్నాడు. మన మేనరికాలు ఈనాటివి కావు!

అలాగని ఆ రోజుల్లో ఆడవాళ్ళదే రాజ్యమని అనుకోవద్దు. సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే దక్కేది. రాజుకు భార్యలు పలువురు కనుక, ఏ తల్లి బిడ్డ అన్నది తేల్చి చెప్పవలసి వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. కారణం ఏదైనా, అమ్మ పుట్టిల్లు చెప్పుకోవడం వాళ్ళకు గౌరవమే.

పురాణాల్లో మాత్రం తక్కువా? కౌంతేయుడు, వైనతేయుడు, మనం రోజూ తలిచే ఆంజనేయుడు, అందరూ తల్లి పేరుతోనే పిలిపించుకున్నారు. కర్ణుణ్ణి కన్నది కుంతి, అయినా పెంచిన రాధ పేరుతో రాధేయుడయ్యాడు. వంశం చెప్పే మాటలో పెంచిన చేతులకూ చోటుందన్నమాట. మన భాషలో నాకు ఇంతకన్నా గొప్పగా తోచే మాట లేదు.

బాలశ్రీ శాసనం ఉన్న మహారాష్ట్రలోనే 2024 మే 1 నుంచి పుట్టిన పిల్లలకు ప్రభుత్వ పత్రాల్లో పేరు పక్కనే తల్లి పేరు, ఆ తర్వాతే తండ్రి పేరు రాయాలని నియమం పెట్టారు. మన దగ్గర కూడా అలాంటిది రావాలని నా గట్టి కోరిక.

నీ కోడలి పుట్టింటి గోత్రమేమిటో ఈసారి రాయి. సెలవులకు అందరూ సాగర్ రండి, లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళతాను.

నీ
మిత్రుడు