అర మైలే కదా అని ఎడారి ఎండలోకి పంపకండి

సంపాదకుడి గారికి,

వేసవిలో మన తల్లిదండ్రులు చాలామంది ఆరిజోనాలో ఉన్న పిల్లల దగ్గరికి వస్తారు. వాళ్లను టూసాన్‌ పక్కనున్న సాగ్వారో నేషనల్ పార్కుకు తీసుకెళ్తారు. అక్కడి డెజర్ట్ డిస్కవరీ బాట అర మైలే, వీల్‌చెయిర్ కూడా పోయే చదునైన దారి. దాంతో ఎండెక్కాక, కాళ్లకు చెప్పులు, చేతిలో చిన్న బాటిల్‌తో బయల్దేరతారు. ‘రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, ఇదెంత!’ అంటుంటే నాకు టెన్షనే.

ఇక్కడ ఉక్కపోత ఉండదు. చెమట పట్టగానే ఆరిపోతుంది, చొక్కా తడవదు. ఒంట్లో నీళ్లు తగ్గిన సంగతి కళ్లు తిరిగేదాకా తెలియదు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో అక్కడి కేమెల్‌బ్యాక్ కొండదారులను పగటిపూట మూసేస్తున్నారు కూడా.

అలాగని పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టమనడం లేదు. తెల్లారగానే తీసుకెళ్లండి. బూట్లు, టోపీ, మనిషికి కనీసం లీటరు నీళ్లు ఉండాలి. సగం నీళ్లు అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగండి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి. చోయా అనే కాక్టస్ ముళ్లు గుచ్చుకుంటే చేత్తో లాగొద్దు, దువ్వెనతో ఎగదోయాలి.

ఇక ఆ బాటలో తొందరేం లేదు. సాగ్వారో అనే ఎత్తైన కాక్టస్ చెట్టు కాండం మీది మడతల్ని దగ్గరగా చూడండి. వాన పడితే నీళ్లు పీల్చుకుని అవి విచ్చుకుంటాయి. పైన కనిపించే గుండ్రటి తొర్రలు వడ్రంగి పిట్టలు తొలిచినవి. అవి వదిలేశాక చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి. కొమ్మ వేయడానికే ఈ చెట్టుకు యాభై, డెబ్భై ఏళ్లు పడుతుంది. మొలిచిన ఎనిమిదేళ్లకు కూడా అంగుళమో, అంగుళమున్నరో ఉంటుంది, పాలో వెర్డె చెట్టు నీడలో దాక్కుని. ఫొటో కోసం బాట దిగితే మన కాలి కింద పడేది అదే. దయచేసి దిగకండి.

మీ పత్రికలో అమెరికా ప్రయాణికుల కోసం వీసా, ఇన్సూరెన్స్ వివరాలు వేసేటప్పుడు ఈ ఎండ గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి. ఏప్రిల్‌లోనే వేస్తే టికెట్లు కొనుక్కున్నవాళ్లకు బూట్లు సర్దుకునే టైమ్ ఉంటుంది.

— ఒక పాఠకురాలు, చాండ్లర్, ఆరిజోనా