మెట్ల సంగతి దాచకుండా చెబుతున్నాను

అందరికీ నమస్కారం. పై అంతస్తు ఇంకో పది రోజులు తెరవలేను. శ్రావణ మాసాన్ని ముందు పెట్టుకుని మెట్లు విప్పుకుని కూర్చున్న చీరల వ్యాపారి రాజమహేంద్రవరంలో నేనొక్కడినే అయి ఉంటాను. ఈ మాట ఇంట్లో రోజూ వింటున్నాను, మీరూ అనవచ్చు.

మన కొట్టు మెట్లు మీరు ఎరిగినవే. పదిహేడు టేకు పలకలు, మా తాతగారి నాటివి. గోదావరి మీద దుంగలను తెప్పలు కట్టి దించిన కాలపు కర్ర. ఎక్కేవాళ్లందరూ నడిమధ్యనే అడుగు వేయడంతో నాలుగు మెట్లు పావు అంగుళం లోతున అరిగిపోయాయి. వడ్రంగి మేస్త్రి చూసి, "మొత్తం పీకేసి ఇనుప మెట్లు పెట్టండి, పైన గ్రానైట్ పరిపిద్దాం" అన్నారు. ఒళ్లు మండింది. నాలుగు పలకలు మార్చడానికి ఇంత హంగామా ఎందుకు, నేనే చేసుకుంటానన్నాను. రాత్రిళ్లు కొట్టు కట్టేశాక కూర్చుని చేశాను కూడా.

చెడింది నా పని కాదు, కర్ర. ఇది ఎన్నిసార్లయినా చెబుతాను. కొత్త పలకలు కొన్నది ఇరవై ఏళ్లుగా మా బీరువాలకూ బల్లలకూ చెక్క తెచ్చుకున్న కలప అడితిలోనే. బాగా ఆరిన టేకు, అంతా చేవే, అంటే మాను లోపలి గట్టి కర్రే అని నమ్మబలికారు. ఎత్తినప్పుడు ఆ బరువుకే అనుమానం రావలసింది. అంచున రెండు వేళ్ల వెడల్పున చేవ లేని తెల్ల కర్ర కనబడుతోంది; పాలిష్‌లో కలిసిపోతుందన్నారు, సరే అన్నాను. చిత్రిక పడితే ఆరిన టేకు పొట్టు పొడిగా రాలుతుంది, తోలు లాంటి వాసన వస్తుంది. ఇది తడితడిగా చుట్టలు చుట్టుకుంది. అప్పుడైనా ఆగలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

సరిగ్గా మూడు వారాలు నిలిచాయి. పచ్చి కర్ర ఆరేటప్పుడు పొడవు తగ్గదు, వెడల్పు తగ్గుతుంది. అదైనా రెండు వైపులా సమానంగా తగ్గదు. దాంతో పలకలు దోసిలిలా వంగి అంచులు పైకి లేచాయి. ఒక అంచుకు పట్టుకుని, మా నాన్నగారి నాటి నుంచి వస్తున్న ఒకావిడ ఉప్పాడ చీర కుచ్చిళ్ల దగ్గర చిరిగింది. ఆవిడ పడలేదు, అదే పదివేలు. చీరకు చీర ఇచ్చాను. "చీరదేముంది నాయనా, మెట్టు బాగు చేయించు" అన్నారు. చేయి అనలేదు, చేయించు అన్నారు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

అడితికి వెళితే, "వానలకు ఉబ్బి ఉంటుంది లెండి" అన్నారు. ఉబ్బలేదు, ఎండింది బాబూ అన్నాను. సగం ధరకు ఇంకో నాలుగు ఇస్తామన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

పాత పలకలు అటక మీదే ఉన్నాయి. దించి తిరగేస్తే అడుగు వైపు ఒక్క గుంట లేదు. ఎవరి కాలూ తగలని టేకు! అరిగిన ముందు అంచు వెనక్కి, పైభాగం కిందికి వచ్చేలా తిప్పి వాటినే బిగిస్తున్నాను. ఒకదాని అడుగున నాటి వడ్రంగి ఉలి మొనతో గీసుకున్న "౭" అంకె ఇంకా ఉంది. ఏడో మెట్టు. ఉప్పు కాగితంతో రుద్దేయాలా, ఉంచాలా అని ఒక సాయంత్రమంతా దాని ముందే కూర్చున్నాను. ఉంచేశాను, ఎక్కేటప్పుడు మీకే కనబడుతుంది.

ఈ పది రోజులూ మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ చీరలు కింది వరండాలోనే చూపిస్తాం. పైన ఉన్నది ఏది అడిగినా మా అబ్బాయి వెనక దారిన తెచ్చి పెడతాడు. ఫాల్స్‌కు ఇచ్చిన చీరలు చెప్పిన రోజుకే అందుతాయి. మెట్ల అంచులకు ఇత్తడి పట్టీలు వస్తున్నాయి. వానల్లో పాలిష్ ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి, అరచేయి ఆనించి చూసి, బంక లేదనుకున్నాకే తలుపు తీస్తాను. బిగించేటప్పుడు మేస్త్రిని పక్కన ఉండమన్నాను. చూడటానికే, సుత్తి నా చేతిలోనే ఉంటుంది.

గ్రానైట్ మాట మాత్రం నా దగ్గర ఎవరూ ఎత్తకండి.